జానా మూడు వేళ్ల దూరం

కార్వాన్ మొహల్లాలో పాలు పోసే మైసయ్యకు ఒకే ఒక్క పిచ్చి ఉంది. ఎవరింట్లోనైనా విమానం ఎక్కేవాళ్లున్నారని తెలిస్తే చాలు, వాళ్లు పోయే ఊరు ఎంత దూరమో, చేరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పేదాకా ఆ ఇంటి గిన్నెలో పాలు పొయ్యడు. లోపల చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా, పొయ్యిమీద చాయ్ నీళ్లు మరిగి సగమైపోతున్నా ఆయనకు పట్టదు. కొలత గ్లాసును క్యానులో ముంచి, పైకెత్తి, గాల్లో ఆపి మొదలుపెడతాడు.

"మీ అల్లుడు దుబాయ్ పోతుండంట గదా? గాడికి ఎంత దూరమో ఎర్కేనా?"

ఎరకే అని తప్పించుకోజూసినవాళ్లు లేకపోలేదు. "ఎంత మరి?" అంటాడు వెంటనే. చెప్పింది తప్పయితే దిద్దుతాడు. ఒప్పయితే ఇంకా ప్రమాదం, మెచ్చుకుని పక్క ఊరు దూరం కూడా చెబుతాడు. అందుకే తెలివైనవాళ్లు గిన్నె ముందుకు చాచి, నోరు మూసుకుని నిలబడతారు.

ఇంత చెప్పే మనిషి ఏనాడూ విమానం ఎక్కలేదు. అరవై రెండేళ్లలో ఆయన చేసిన అతి దూర ప్రయాణం కొమురవెల్లి జాతరకు. అదీ బస్సులో, కిటికీ పక్క సీటు దొరకలేదని తిరిగొచ్చేదాకా సణుగుతూ. ఆయన విద్యంతా ఒక గ్లోబు మీద నడుస్తుంది. ఎప్పుడో పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్లో కొన్నాడు, బర్రెల కొట్టంలో దూలానికి వేలాడదీశాడు. దక్షిణ అమెరికా దగ్గర దానికి పెద్ద సొట్ట. మొహల్లాలో ఎవరూ అటువైపు వెళ్లకపోవడం మైసయ్య అదృష్టం. గుడికి పూలమాలలు కట్టే రంగనాయకి పారేసిన అరటినార ముక్క ఒకటి తెచ్చి, గ్లోబు మీద ఊరి నుంచి ఊరికి బిగించి పట్టి, వేళ్లతో కొలుస్తాడు. మస్కట్ మూడు వేళ్లు. జెడ్డా ఆరు వేళ్లు.

సమయం మాత్రం ఆయన బర్రెల లెక్కలో చెబుతాడు. "మస్కట్ అంటవా, రెండు బర్లు పితికి, క్యాన్లు కడిగి, మా ఆండాలుతోని ఓ లొల్లి పెట్టుకునేంత. ఐదు గంటల ఇరవై నిమిషాలు."

ఈ మాట వింటే మొహల్లా అంతా నవ్వి ఊరుకునేది. ఊరుకోలేనిది ఒక్కతే, రంగనాయకి కూతురు వాగ్దేవి. ఎందుకంటే ఆమె పని విమానం టిక్కెట్లమ్మే ఆఫీసులో. ఏ విమానం ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు వాలుతుందో ఆమెకు నోటికొచ్చు. పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, కళ్ల ముందే ఒక మనిషి రెండు గంటలు తప్పు చెబుతుంటే వినడం ఆమెవల్ల కాదు.

"కాకా, మస్కట్ మూడు గంటల పదిహేను నిమిషాలే. మా కంప్యూటర్ల ఉంది."

"మీ కంప్యూటర్ ఎన్నడన్న మస్కట్ పోయిందా బిడ్డా?"

"నువ్వు పోయినవా మరి?"

"నేను పోలే. పోయొచ్చినోళ్లను అడిగిన."

ఈ వాదన వారానికి రెండుసార్లైనా జరిగేది. విచిత్రమేమిటంటే మైసయ్య తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉండేది. ఒక్కసారైనా తక్కువ చెప్పడు, ఎప్పుడూ ఎక్కువే. పక్కింటి తనూజ మొగుడు మస్కట్ వెళ్లిన రోజు వాగ్దేవి ఫోన్‌లో విమానం దిగిన సమయం చూపించి మరీ నిలదీసింది. "చూడు! మూడు గంటల పది నిమిషాలకే దిగింది. నీది ఎంత తప్పు?" మైసయ్య ఆ ఫోన్ వంక శ్రద్ధగా చూసి, చొక్కా లోపలి జేబులోంచి ఒక పుస్తకం తీసి, ఆ సమయం రాసుకుని, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అని వెళ్లిపోయాడు. అలాంటి మనిషితో ఎవరు మాత్రం గెలుస్తారు?

దూరదేశం నుంచి తిరిగొచ్చినవాళ్ల పాట్లు ఇంకా ఘోరం. ఎల్లప్ప మూడేళ్లకు జెడ్డా నుంచి వచ్చాడు. పెళ్లాం హారతిపళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉంది, పిల్లలు సూట్‌కేసు మీద పడ్డారు. అందరినీ తోసుకుంటూ మైసయ్య ముందుకొచ్చాడు.

"ఎల్లప్పా, నువ్వు గాడికి పోయిన దినం, ఇమానం నేల తాకినంక ఇంటికి ఎంతసేపటికి ఫోన్ చేసినవ్?"

"మూడేండ్ల కింది ముచ్చట. నాకేం యాదికుంటది కాకా?"

"యాది చేసుకో. లైన్ల నిలబెట్టిండ్రా? సిమ్ము ఏడ కొన్నవ్?"

"కాకా, జర ఇంట్లకు పోనియ్యి!"

"పో. పాలు రేపు పోస్త."

ఎల్లప్ప గుమ్మం మీదే కూర్చుని, తల పట్టుకుని, గుర్తు తెచ్చుకుని చెప్పాడు. హారతి ఆ తర్వాతే జరిగింది.

మైసయ్యకు ఇంకో లోపం ఉంది, అదీ చెప్పాలి. నెలకు రెండు మూడుసార్లు సాయంత్రం పాలు గంట, గంటన్నర ఆలస్యం. ఎందుకని ఎవరడిగినా ఒకటే జవాబు, "బర్రె తన్నింది." పాల కోసం కాచుక్కూర్చుని విసిగిపోయిన సుగుణమ్మ ఒకసారి గట్టిగానే అడిగింది, ఏ బర్రె, ఎక్కడ తన్నింది, చూపించమని. మైసయ్య మొహమాటపడుతూ మోకాలు చూపించాడు. మోకాలు మహా ఆరోగ్యంగా ఉంది. "ఊరందరికి టైమ్ చెప్తడు. తను మాత్రం ఒక్క ఇంటికీ టైముకు పోడు" అని పెళ్లాం ఆండాలు కూడా తిట్టేది.

ఇలా ఉండగా రంగనాయకికి ఆక్లాండ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడ కొత్తగా గుడి కట్టారు. ప్రతిష్ఠకు మాలలు కట్టి, నలుగురికి ఆ పని నేర్పి రమ్మని ప్రహ్లాద్ అనే ఆయన ఫోన్ చేసి అడిగాడు. ముప్ఫై ఏళ్లుగా ఆమె కట్టిన మాల దేవుడి మెడలో ఒక్కనాడూ జారలేదు. ఆ పేరు అంత దూరం పాకింది. టిక్కెట్టు ఖర్చు వాళ్లదే.

రంగనాయకి మొగుడు విఠల్‌రావు ఒంటికాలి మీద లేచాడు. "అఫ్జల్‌గంజ్ బస్టాండుకు ఒక్కతే పోనిది ఆక్లాండ్ పోతదా? ఇంగ్లీషు రాదు, ఏం రాదు!"

"నేనున్న గదా నాన్నా" అంది వాగ్దేవి. "టిక్కెట్టు నేనే రాస్త. ఏ నిమిషానికి ఏడ ఉంటదో నేనే చెప్త. అమ్మకు ఏమన్న అయితే నన్నడుగు."

వారం రోజులు పోట్లాడి, ఆ మాట మీదే ఒప్పించింది. తల్లి ఆ సంబరం చూసి తీరాలని ఆమెకు పట్టుదల. ఎవరో కట్టిన చీర బాగుందని మెచ్చుకుంటూ బతికిన మనిషిని, తను చేసే పని చూసి సముద్రాల అవతలివాళ్లు పిలిచారు. ఆ పిలుపు పోగొట్టుకుంటే మళ్లీ రాదు.

ప్రయాణం రోజు పొద్దున మైసయ్య గ్లాసు గాల్లో ఆగింది.

"ఆక్లాండ్! జానా మూడు వేళ్లు. పదకొండువేల ఏడువందల కిలోమీటర్లు. రంగక్కా, ఇయ్యాల పాలు తోడేస్తే నువ్వు దిగేటాల్లకు పెరుగై, సల్లై, సల్లచారైతది."

"దూరం ఒప్పే" అంది వాగ్దేవి, తొలిసారి సంతోషించి. "రాత్రి పదకొండుకు లేస్తది, సింగపూర్‌ల మారుడు. రేపు మాపటీలి మన టైమ్ నాలుగూ ముప్ఫై ఐదుకు దిగుతది."

మైసయ్య వినిపించుకోలేదు. "సంచిల ఏమేం పెట్టినవ్ అక్కా?"

"ఏముంటయ్? చీరెలు, దబ్బనం, కత్తెర, అరటినార రెండు కట్టలు."

మైసయ్య గ్లాసు మళ్లీ క్యానులోకి దిగిపోయింది. "నారనా? అది తీసెయ్యరాదు అక్కా?"

"దేవుని మాల దారంతోని కడతరా? నార లేకుంటే నేనెందుకు పోవుడు? ఇంటికాడనే కూసుంట."

"ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి దుకాణం ప్రేమ్‌రాజ్ సేట్ లేడా, ఆయన గాడికి పోయినప్పుడు ఏమైందంటే..."

"కాకా, పాలు పోస్తవా, పొయ్యవా? నాకు ఆఫీసుకు లేటైతుంది!" అని వాగ్దేవి అడ్డం పడింది. ఆ మాట పూర్తిగా విని ఉంటే ఆమెకు ఒక సాయంత్రం కలిసొచ్చేది. కానీ తెలిసినవాళ్లకు వినే ఓపిక తక్కువ కదా.

మైసయ్య కళ్లు పైకెత్తి, పెదాలు కదిలిస్తూ లెక్క వేసుకున్నాడు. "రేపు మాపటీలి ఏడుంబావు" అని ప్రకటించి పాలు పోశాడు.

"రెండు గంటల నలభై నిమిషాలు తప్పు! ఇంత తప్పు నువ్వు కూడ ఎన్నడు చెప్పలే!"

విఠల్‌రావు క్యాలెండర్ మీద 'నాలుగూ ముప్ఫై ఐదు' అని రాశాడు. దాని కింద 'ఏడుంబావు' అని కూడా రాశాడు.

"నాన్నా, నేనూ, పాలాయనా ఒక్కటేనా నీకు?"

"ఇద్దరి మాట రాసి పెట్టిన. కాగితానికేం పోతది?" అన్నాడాయన.

మర్నాడు వాగ్దేవి సెలవు పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. సింగపూర్‌లో విమానం మారేటప్పుడు తల్లి ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని, ఇడ్లీ దొరకలేదని మాత్రం చెప్పింది. సాయంత్రం నాలుగూ ముప్ఫై ఒకటికి ఆక్లాండ్‌లో విమానం దిగినట్టు ఫోన్‌లో కనబడింది.

"చూసినవా నాన్నా! నాలుగు నిమిషాలు ముందుగనే!"

"మంచిది. మీ అమ్మ ఏది?"

"బయటికి రావాలె గదా. ప్రహ్లాద్‌గారు గేటు దగ్గర్నే ఉంటరు. ఆయన ఫోన్‌తోని చేస్తది."

ఐదయింది. ఐదున్నర అయింది. ఐదూ ముప్పావుకు ప్రహ్లాదే ఫోన్ చేశాడు. ఆ విమానంలో వచ్చినవాళ్లంతా బయటికొచ్చేశారు, అమ్మగారు మాత్రం రాలేదు, లోపలికి వెళ్లి చూడనివ్వడం లేదు అన్నాడు. అక్కడ అర్ధరాత్రి దాటిందట.

వాగ్దేవి తనకు తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేసింది. విమానం దిగిందని ఒకరు చెప్పారు. నాలుగు నిమిషాలు ముందే దిగిందని ఇంకొకరు మెచ్చుకోలుగా చెప్పారు. విమానం సంగతి ఆమెకు వాళ్లకంటే బాగా తెలుసు. అమ్మ సంగతే ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు రాని మనిషిని పదకొండువేల ఏడువందల కిలోమీటర్ల అవతలికి తానే తోసింది. ఏమన్నా అయితే నన్నడుగు అని కూడా తానే అంది.

ఏడుస్తూ వెనక్కి తిరిగి చూస్తే, విఠల్‌రావు అటుకుల ఉప్మా తింటున్నాడు.

"నాన్నా! నీకెట్ల తినబుద్ధైతుంది?"

"షుగర్ మనిషిని. టైముకు తినాలె గదా" అన్నాడాయన క్యాలెండర్ వంక చూసి. "ఇంకా గంటకు పైన ఉన్నది బిడ్డా. ఏడుంబావు అన్నడు."

ఆరూ పదికి మైసయ్య వచ్చాడు. పాలు పోశాడు, వెళ్లలేదు. రెండు క్యాన్లు పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఆ అరుగు మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"కాకా, అమ్మ వస్తలేదు" అంది వాగ్దేవి. ఆ పూట వాదించే ఓపిక ఆమెకు లేదు.

మైసయ్య చొక్కా లోపలి జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. "ఇది సూడు బిడ్డా."

తడవకుండా పాలకవరులో చుట్టిన స్కూలు నోటుపుస్తకం అది. ప్రతి పేజీలో గీత గీసి రెండు వరసలు. ఒకవైపు 'నేల తాకింది'. రెండోవైపు 'ఇంటికి ఫోన్ వచ్చింది'. మొదటి వరసలో ఉన్నవన్నీ సరైన సమయాలే, నిమిషం తేడా లేదు. చాలాచోట్ల పక్కన 'వాగ్దేవి బిడ్డ చెప్పింది' అని కూడా రాసి ఉంది. ఇన్నాళ్లూ తాను దిద్దిన తప్పులు ఆయనకు ముందే తెలుసు. రెండో వరస తనకే తెలియదు. తనూజ మొగుడు, మస్కట్, దిగాక గంటా యాభై నిమిషాలకు ఫోన్. ఎల్లప్ప, జెడ్డా, రెండు గంటలు, సిమ్ము దొరకలేదు.

మొట్టమొదటి పేజీలో మైసయ్య తమ్ముడు మహేందర్ పేరుంది. మస్కట్. దిగిన ఆరు గంటలకు ఫోన్.

"అప్పుడు మాకేం ఎర్క లేకుండె" అన్నాడు మైసయ్య. "మూడు గంటలల్ల దిగుతడని ఎవలో చెప్పిండ్రు. మూడు గంటలైంది, ఫోన్ రాలే. మా అవ్వ లొల్లి మొదలువెట్టింది. ఇమానం పడిపోయిందని ఊరంత పాకింది. నేను బర్లను ఇడిసిపెట్టి ఎయిర్‌పోర్టుకు ఉరికిన. పితకక బర్లు ఒర్రుడు, అవ్వ ఏడ్సుడు. ఆడ చూస్తే మావోడు ఫోన్ దొరకక, బిర్యానీ తిని పండుకున్నడంట."

వాగ్దేవికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నీ లెక్క తప్పని నేనెన్నడన్న అన్ననా బిడ్డా? అది ఇమానం లెక్క. ఇంటికాడ కూసున్నోళ్లకు ఇమానం దిగితే ఏమొస్తది, ఫోన్ రావాలె. తక్కువ చెప్తే ఆ మీది టైమంత సచ్చిపోతరు. జర ఎక్కువ చెప్తే తిని, పండి, నిమ్మలంగ ఉంటరు. ముందుగాల వస్తే ఖుషీ అయితరు."

చివరి పేజీ తిప్పింది. 'ఆక్లాండ్. ప్రేమ్‌రాజ్ సేట్. మిర్చి, పసుపు నమూనాలు. తనిఖీ. రెండు గంటల పది నిమిషాలు.' దాని కింద కొత్త సిరాతో ఇంకో వరస ఉంది. 'రంగక్క. అరటినార. ఇంకో అర్ధగంట కలపాలె. అక్క ఊకె ఇయ్యది, కొట్లాడతది.'

అంతలో ఆండాలు వీధిలోంచే అరుస్తూ వచ్చింది. "సుగుణమ్మ ఇంటి ముందట నిలవడి తిడుతుంది, నువ్వీడ..." అని, ఏడ్చి ఉబ్బిన వాగ్దేవి ముఖం చూసి ఆగిపోయింది. రెండు క్యాన్లూ చేతికి తీసుకుంది. "నువ్వు కూసో. నేను పోసొస్త."

ఆమె చాలా అలవాటుగా ఆ మాట అంది. తనూజ మొగుడు వెళ్లిన సాయంత్రం పాలు గంటన్నర ఆలస్యమైన సంగతి వాగ్దేవికి అప్పుడు గుర్తొచ్చింది. మొహల్లాలో ఇంకొందరు వెళ్లిన రోజూ అంతే. మైసయ్యను ఇన్నేళ్లలో ఏ బర్రే తన్నలేదు.

ఏడూ మూడుకు ఫోన్ మోగింది.

"వాగ్దేవీ, నా నార గుంజుకున్నరే!" అంది రంగనాయకి, మొదటి మాటగా. "చెట్టుకు సంబంధించింది రానియ్యరంట. నేను ఊకుంటనా? తెలుగులనే కొట్లాడిన. ఆ ఆఫీసరు పిల్ల మంచిదే. ఇదెందుకని సైగ చేసి అడిగింది. కాగితాలు చింపి, గీడ దొరికిన దారంతోని మాల కట్టి చూపించిన. ముగ్గురు నిలవడి చూసిండ్రు. నార మాత్రం ఇయ్యలే, పాపపుది."

"అమ్మా, నీకు భయం కాలేదా? ఒక్కదానివే అంతసేపు..."

"భయమెందుకు? మైసయ్య ముందుగాలనే చెప్పిండు గదా ఏడుంబావని. ఇంకా టైముందిలే అనుకున్న. మన టైమే ఉన్న గడియారం చూసుకుంటనే ఉన్న. ఆయనకు చెప్పు, రెండు గంటల ముప్ఫై రెండు నిమిషాలు."

వాగ్దేవి ఫోన్ దించి మైసయ్య వైపు తిరిగింది. చేతులెత్తి దండం పెట్టబోయింది. మైసయ్య అదేమీ గమనించకుండా పెన్ను తెరిచి, ముఖం చిన్నబుచ్చుకుని రాసుకుంటున్నాడు.

"పన్నెండు నిమిషాలు తప్పింది. అక్క ఇంక జర గట్టిగ కొట్లాడతదనుకున్న."

ఆయన వీధిలోకి దిగేసరికి సుగుణమ్మ ఖాళీ గిన్నెతో ఎదురైంది. ఆండాలు ఇంకా ఆమె ఇంటిదాకా రాలేదు. "ఏందయ్యా మైసయ్యా, ఇయ్యాల గూడ లేటేనా? ఇప్పుడేమైంది?"

మైసయ్య నోరు తెరిచేలోపే అరుగు మీద నుంచి వాగ్దేవి జవాబు చెప్పింది. "నల్లబర్రె తన్నిందంట అవ్వా. నేను చూసిన."

ఇది జరిగిన రెండు నెలలకు తనూజ మొగుడు సెలవు ముగించుకుని మళ్లీ మస్కట్ ప్రయాణమయ్యాడు. పొద్దున్నే విమానం. తనూజ ముందురోజు ఆఫీసుకొచ్చి, ఎంతసేపట్లో చేరతాడని కౌంటర్ దగ్గర అడిగింది. వాగ్దేవి కంప్యూటర్ తెర వంక చూసింది. మూడు గంటల పదిహేను నిమిషాలని అందులో స్పష్టంగా ఉంది.

"ఐదు గంటల ఇరవై నిమిషాలకు ఫోన్ వస్తది. అప్పటిదాక అన్నం తిని కూసో."

పక్క సీటులో ఉన్నాయన ఉలిక్కిపడి తెరలోకి తొంగి చూశాడు. తనూజ నవ్వింది. "మీ ఆఫీసోళ్లు గూడ మైసయ్య కాకా లెక్కనే చెప్తున్నరా అక్కా?"

ఆ సంగతి సాయంత్రం మైసయ్యకు చెబితే మెచ్చుకోలేదు సరికదా, గ్లాసు గాల్లో ఆపాడు. "అది పాత లెక్క బిడ్డా. ఇప్పుడు గాడ లైన్లు పెరిగినయ్. ఇంకో ఇరవై నిమిషాలు కలుపు."

మర్నాడు వాగ్దేవి ఆఫీసుకు పదకొండున్నరకు చేరింది. తనూజ ఇంట్లో ఫోన్ మోగి, అవతల గొంతు విని, ఇద్దరూ చాయ్ తాగేసరికి అంతయింది. మేనేజరు గడియారం వైపు చూసి, ఆమె వైపు చూసి, ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగాడు.

వాగ్దేవి తడుముకోలేదు.

"బర్రె తన్నింది సార్."